గ్యాస్ టార్చ్ మీద గాజు ఫ్లాస్కు చేయడం: రాత్రి బాగుంటోంది, తెల్లారేసరికి పగులుతోంది

భీమవరం_బ్యూరెట్ (ఆదివారం, రాత్రి 9:40)

నమస్కారమండి. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. సీజన్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్ళ క్షారగుణం, కఠినత్వం కొలిచే టైట్రేషన్లే (గీతల గాజు గొట్టం, అంటే బ్యూరెట్‌లోంచి చుక్క చుక్కగా మందు వదిలి చేసే పరీక్షలు). బ్యూరెట్ మూతో, పిపెట్ కొసో విరగని వారం ఉండదు. వాటిని అట్టపెట్టెలో పడేస్తుంటే మనసొప్పక, మనమే అతికించుకోలేమా అని నాలుగు నెలల క్రితం గాజు పని మొదలుపెట్టాను. చిన్న చిన్న అతుకులు వస్తున్నాయి. ఇప్పుడు పాత్ర చేయాలని ఉంది. గుండ్రటి అడుగు, సన్నటి మెడ ఉన్న 50 మి.లీ. ఫ్లాస్కు.

నా దగ్గర ఉన్నవి: సెకండ్ హ్యాండ్‌లో కొన్న హ్యాండ్ టార్చ్ (గ్యాస్, ఆక్సిజన్ కలిపి మండించేది), 19 కిలోల గ్యాస్ సిలిండర్, కరోనా అప్పుడు మా బంధువులు కొని మూల పెట్టిన 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. గొట్టాలు 25 మి.మీ. బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే ల్యాబ్ గాజు). మెడకి 12 మి.మీ. గొట్టం. చల్లారడానికి మా ఊరి రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిదని నూనె డబ్బాలో నింపి, అందులో పూడుస్తున్నాను.

నిన్న మూడు చేశాను. రాత్రి పడుకునేముందు తీసి చూస్తే మూడూ బాగున్నాయి. పొద్దున్నే చూస్తే రెండింటికి మెడ అతికిన చోట చుట్టూ గీత. మూడోది చేతిలోకి తీసుకుని నీళ్ళు పోశాను. 'టిక్' మని చిన్న చప్పుడు, అంతే, అడుగు ఊడి పళ్ళెంలో పడింది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి, ప్లీజ్.

తణుకు_సిలిండర్ (రాత్రి 10:05)

తమ్ముడూ, గాజు సంగతి పెద్దలు చెప్తారు, గ్యాస్ సంగతి నేను చెప్తాను. వెల్డింగ్ గ్యాసుల పనిలో ఉన్నాను.

రెండు పైపులకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట పైపులోకి వెనక్కి పోకుండా ఆపేవి) ఉన్నాయా? లేకపోతే అవి పెట్టేదాకా టార్చ్ వెలిగించకు. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్ళలా పాకి మూలల్లో చేరుతుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే చాలదు, కింద గాలి పోయే దారి ఉండాలి. గ్యాస్ సిలిండర్ గోడ అవతల ఉంటే ఇంకా మంచిది. వెలిగించేటప్పుడు ముందు గ్యాస్, తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాస్. ఆక్సిజన్ వైపు రెగ్యులేటర్‌కి గానీ మరలకి గానీ నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు. మరలు బిగుసుకున్నాయని కొబ్బరినూనె రాసినవాళ్ళని చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నాను.

5 లీటర్ల మిషన్‌తో 25 మి.మీ. గొట్టమంటే మంట చాలదనిపిస్తోంది. డి టైప్ సిలిండర్ తెచ్చుకో. అందులో 7 క్యూబిక్ మీటర్లు వస్తుంది. నిమిషానికి 10 లీటర్లు వాడినా పదకొండు గంటల పైనే పని.

అమలాపురం_సీసా (రాత్రి 10:30)

నేను మూడేళ్ళుగా చిన్న అత్తరు సీసాలు, గాజు దీపాలు చేస్తున్నాను. అంతా కాన్సన్‌ట్రేటర్ మీదే. సిలిండర్ అన్నయ్య చెప్పినట్టు మంట పెద్దది కాదు గానీ, 15 మి.మీ. గొట్టం దాకా హాయిగా సాగుతుంది. కాన్సన్‌ట్రేటర్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. తేమ కోసం పెట్టే నీళ్ళ బాటిల్ తీసేయండి, టార్చ్‌కి పొడి ఆక్సిజన్ వెళ్ళాలి. మిషన్‌ని మంటకీ గ్యాస్‌కీ దూరంగా పెట్టండి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, తేమకి లోపలున్న జియోలైట్ (గాలిలోంచి నైట్రోజన్‌ని పట్టి ఆపే గుళికలు) పాడవుతుంది. నేను వానాకాలంలో పని లేనప్పుడు దాన్ని కవర్ కప్పి పొడి గదిలో పెడతాను.

బ్యూరెట్ గారూ, ఒక అనుమానం. మెడ గొట్టం ఎక్కడ కొన్నారు? పెద్ద గొట్టం, చిన్న గొట్టం ఒకే గాజేనా? గ్లిజరిన్ పరీక్ష చేయండి. మందుల షాపులో గ్లిజరిన్ తెచ్చి చిన్న గ్లాసులో పోసి, రెండు గొట్టాల ముక్కలు ముంచండి. బోరోసిలికేట్ అయితే అందులో దాదాపు మాయమైపోతుంది. గ్లిజరిన్, బోరో కాంతిని ఇంచుమించు ఒకేలా వంచుతాయి, రెండింటి వక్రీభవన గుణకం 1.47 దగ్గరే. మామూలు సోడా గాజుది 1.52, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి.

గోదారిగట్టు_మాస్టారు (సోమవారం, ఉదయం 6:15)

ఒక విశ్వవిద్యాలయం గ్లాస్ బ్లోయింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. బాబూ, మీరు వివరాలన్నీ రాయడం వల్ల చెప్పడం తేలికైంది. మూడు విషయాలున్నాయి. తీరిగ్గా చదవండి.

మొదట బూడిద సంగతి. ఊక బూడిద మంచి వస్తువే. వేడిని బాగా ఆపుతుంది, ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన లోహం మీద కప్పడానికి కూడా వాడతారు. కానీ మీ ఫ్లాస్కు బుడగ గోడ మందం మహా అయితే ఒక మిల్లీమీటరు. మంటలోంచి తీశాక అర నిమిషంలోపే గాజు 500 డిగ్రీల కిందకి దిగిపోతుంది. మీరు మెడ సరిచూసుకుని, పటకారుతో పట్టుకుని, బూడిదలో గుంట చేసేసరికే బిగువు (గాజు లోపలి లాగుడు) అంతా గాజులో గడ్డకట్టేసి ఉంటుంది. ఆ తర్వాత రాత్రంతా బూడిదలో ఉన్నా ఆ బిగువు పోదు. బూడిద చల్లారడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతవరకే. బిగువు తీయదు. బిగువు తీయాలంటే గాజుని మళ్ళీ 560 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్ళి, ఆ వేడి మీద కాసేపు ఉంచి, అప్పుడు మెల్లగా దించాలి. దాన్నే అనీలింగ్ అంటాం.

ఈ బిగువు ఎక్కడ పుడుతుందో చూడండి. బుడగ పల్చన, మెడ అతుకు మందం. పల్చటిది ముందు గట్టిపడుతుంది. మందంగా ఉన్నది ఇంకా మెత్తగానే ఉండి, తర్వాత ముడుచుకుందామంటే పక్కనున్నది ముడుచుకోనివ్వదు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ చల్లారిపోతాయి. మీ గీత సరిగ్గా అతుకు చుట్టూ వచ్చింది అందుకే.

మరి రాత్రి బాగుండి పొద్దున పగలడమేమిటి? గాజు మీద కంటికి కనపడని గీతలు ఎప్పుడూ ఉంటాయి. బిగువులో ఉన్న గాజు మీద గాలిలోని తేమ ఆ గీత కొసని పట్టుకుని, లోపలి బంధాలని ఒక్కొక్కటే తెంచుతూ పోతుంది. ఆ తెగడం గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. మీరు నీళ్ళు పోసిన ఫ్లాస్కు కూడా అప్పటికే సగం తెగి ఉంటుంది.

రెండోది మంట. 25 మి.మీ. గొట్టం మొత్తం చుట్టూ ఒకేసారి మెత్తబడే మంట మీ దగ్గర లేదు. ఒక పక్క వేడెక్కేసరికి రెండో పక్క చల్లారుతోంది. సీసా అమ్మాయి చెప్పినట్టు 15కి దిగండి, 10 మి.లీ. ఫ్లాస్కుతో మొదలుపెట్టండి. చిన్నది చేతకావడం చిన్నతనం కాదు.

మూడోది లెక్క. 50 మి.లీ. గుండ్రటి బుడగ అడ్డుకొలత నాలుగున్నర సెంటీమీటర్ల పైన. గోడ ఒక మిల్లీమీటరు మందం ఉండాలంటే, ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ ఉన్న 25 మి.మీ. గొట్టంలో దాదాపు ఆరు సెంటీమీటర్ల పొడవులో ఉన్న గాజంతా కావాలి. మీరు ఎంత పొడవు వేడిచేసి ఊదారు?

భీమవరం_బ్యూరెట్ (సోమవారం, మధ్యాహ్నం 1:20)

మాస్టారూ, మూడు సెంటీమీటర్లు. అంటే గోడ అర మిల్లీమీటరే వచ్చిందన్నమాట! పగిలిన ముక్కని స్క్రూగేజ్‌తో కొలిచాను. అడుగున 0.4, మెడ దగ్గర 2.1.

సీసా గారూ, భోజనం మానేసి గ్లిజరిన్ తెచ్చాను. 25 గొట్టం ముక్క ముంచగానే కనపడలేదు, పుల్లతో కదిపితే తగిలింది. 12 గొట్టం మాత్రం అంచులతో సహా స్పష్టంగా కనిపించింది. కొన్నప్పుడు రెండూ బోరో అని చెప్పారు.

అమలాపురం_సీసా (మధ్యాహ్నం 1:45)

అనుకున్నాను. ఒక్కో డిగ్రీ వేడికి బోరో పది లక్షల్లో 3.3 వంతులు వ్యాకోచిస్తే, సోడా గాజు 9 వంతుల దగ్గర, అంటే మూడింతలకి దగ్గర. ఆ రెండూ మంటలో కలుస్తాయి, చల్లారాక మాత్రం కలిసి ఉండవు. అనీలింగ్ చేసినా ఆ అతుకు నిలవదు. నేను కొన్న ప్రతి కట్టలోంచి ఒక ముక్క విరిచి గ్లిజరిన్‌లో ముంచాకే లోపల పెడతాను.

కొలిమి_నరసాపురం (సోమవారం, రాత్రి 8:10)

నేను గాజు పనివాణ్ణి కాను, బంగారం పని. నలభై ఏళ్ళు ఊదుగొట్టంతో అతుకులు వేశాను కాబట్టి ఊపిరి గురించి ఒక మాట చెప్పవచ్చా?

మా పనిలో ఊపిరి ఊపిరితిత్తుల్లోంచి రాదు, బుగ్గల్లోంచి వస్తుంది. ముక్కుతో పీలుస్తూ, బుగ్గలతో వదులుతూ ఉంటాం. మా అబ్బాయి ఫోన్లో గాజు ఊదేవాళ్ళ వీడియో చూపిస్తే అదే పద్ధతి కనిపించింది. గుండెల్నిండా పీల్చి ఊదితే ఒక్కసారిగా పోతుంది. బుగ్గతో అయితే దీపం ఆరకుండా వంగేటంత సన్నగా వదలొచ్చు. రోజూ దీపం ముందు కూర్చుని మంట ఆరకుండా వంచి పట్టుకోవడం సాధన చేయండి. మా నాన్నగారు నాతో ఆరు నెలలు అదే చేయించారు.

బూడిద మాటకొస్తే, మా వెండి పనిలో బూడిదలో చల్లార్చడం మంచిదే. గాజుకి ఎందుకు పనికిరాదో మాస్టారి మాటతో అర్థమైంది.

గోదారిగట్టు_మాస్టారు (రాత్రి 9:00)

కొలిమి గారూ, ఈ వారంలో నేను చదివిన మంచి సలహా ఇదే. దానికి ఒకటి కలుపుతాను. మంటలో ఉండగా ఊదకూడదు. గాజుని మంటలో తిప్పుతూ తేనెలా కదిలేదాకా వేడిచేయాలి, బయటికి తీయాలి, తిప్పుతూనే ఒక క్షణం ఆగాలి, అప్పుడు ఊదాలి. ఆ క్షణంలోనే విద్య అంతా ఉంది. బయటికి తీయగానే పల్చటి చోట ముందు గట్టిపడుతుంది, మందపు చోట ఇంకా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు ఊదితే మందపు చోటే సాగుతుంది. గోడ తనంతట తాను సమానమవుతుంది. ఆగకుండా ఊదితే పల్చటిది ఇంకా పల్చనై పొంగి పేలిపోతుంది.

మన ఇళ్ళల్లో పాకం పట్టేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం చేతికి తెలిసినట్టే గాజు కూడా చేతికి తెలుస్తుంది. తీగపాకంలా జారుతుంటే గాజుని పోగు చేయడానికి బాగుంటుంది. ఉండపాకంలా బరువుగా కదులుతుంటే ఊదడానికి. అంతకంటే ముదిరితే ఏం చేసినా వంకరే.

ఇక తిప్పడం. మీరు టార్చ్ ఆపి చేయాల్సిన సాధన ఒకటుంది. రెండు చిన్న కర్రలు తీసుకోండి, ఒక్కొక్కటి జానెడు. వాటి మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి, పాత తువ్వాలు ముక్కని గొట్టంలా చుట్టి రెండు కొసలకీ కట్టండి. ఎడమ చెయ్యి పైనుంచి, అరచెయ్యి కిందికి. కుడి చెయ్యి కిందినుంచి, కలం పట్టుకున్నట్టు. రెండు చేతులతో ఒకే వేగంతో తిప్పండి. గుడ్డ మెలి పడకూడదు, ముడతపడి కిందికి జారకూడదు, లాగినట్టు బిగుసుకోకూడదు. మెత్తబడిన గాజు సరిగ్గా ఆ గుడ్డలాగే ఉంటుంది. గుడ్డ మెలిపడిందంటే మీ ఫ్లాస్కు మెడ కూడా మెలిపడేదే. రోజుకి ఇరవై నిమిషాలు, టీవీ చూస్తూ చేసినా సరే.

రావులపాలెం_అరటితోట (మంగళవారం, ఉదయం 7:30)

కొత్తవాణ్ణి, చదువుతున్నాను. కళ్ళకి ఏ అద్దాలు వాడాలి? నల్ల కూలింగ్ గ్లాసెస్ చాలవా?

అమలాపురం_సీసా (ఉదయం 8:05)

చాలవండి. గాజు వేడెక్కితే సోడియం వల్ల పసుపుపచ్చని వెలుగు లేచి లోపల గాజు కనపడకుండా కప్పేస్తుంది. డిడిమియం అద్దాలు ఆ 589 నానోమీటర్ల వెలుగుని తీసేస్తాయి. పెట్టుకోగానే పసుపు తెర తొలగిపోయి గాజు అంచు స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు నాకు నిజంగా కళ్ళు తెరుచుకున్నట్టైంది. బోరో ఎక్కువ వేడి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపే రకం తీసుకోండి.

బట్టలు కాటన్‌వే. నైలాన్ చీర, జార్జెట్ చున్నీ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. జుట్టు వెనక్కి ముడి.

కూలింగ్ గ్లాసెస్ మాటెత్తారు కాబట్టి వాటికీ ఒక ఉపయోగం ఉంది. పోలరైజ్డ్ రకం అయితే గాజులో బిగువు చూడొచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ పెట్టండి. కూలింగ్ గ్లాసెస్‌ని కంటి ముందు పట్టుకుని మెల్లగా తిప్పితే ఒక చోట తెర నల్లబడుతుంది. అక్కడ ఆపి, తెరకీ అద్దానికీ మధ్య మీ సీసా పట్టుకోండి. బిగువు ఉన్న చోట తెల్లగా వెలుగుతుంది. బాగా అనీల్ అయిన సీసా ఆ చీకట్లో చీకటిగానే ఉంటుంది.

భీమవరం_బ్యూరెట్ (మంగళవారం, రాత్రి 11:10)

పగలకుండా మిగిలిన ఒక పాత అతుకుని ఇప్పుడే ల్యాప్‌టాప్ ముందు పెట్టి చూశాను. అతుకు చుట్టూ తెల్లటి వలయం, లోపల శిలువ ఆకారంలో నల్ల గీతలు. నాలుగు నెలలుగా దీన్ని బల్ల మీద పెట్టుకుని మురిసిపోతున్నాను. నిద్ర పట్టేలా లేదు.

మాస్టారూ, మా ల్యాబ్‌లో మట్టి, మేత నమూనాలు కాల్చే మఫిల్ ఫర్నేస్ ఉంది. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ. ఓనర్ గారు వాడుకోమన్నారు. పనికొస్తుందా?

గోదారిగట్టు_మాస్టారు (బుధవారం, ఉదయం 6:00)

అంతకంటే ఏం కావాలి బాబూ! మీ ఓనర్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

ముందు దాని మీటర్ నిజం చెప్తోందో లేదో చూసుకోండి. పింగాణీ క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నె) చిన్న జింక్ ముక్క, ఇంకో దాంట్లో అల్యూమినియం తీగ ముక్క పెట్టండి. మీటర్ 420 దాటాక జింక్ కరగాలి. 560 దగ్గర అల్యూమినియం చెక్కుచెదరకూడదు, అది 660కి గానీ కరగదు. జింక్ 480 దాకా కరగకపోతే మీ మీటర్ ఎక్కువ చూపిస్తోందని. జింక్ కరగడం చూడగానే తీసేయండి, ఊరికే కాల్చవద్దు.

తర్వాత, ఫర్నేస్‌ని ముందే 565 మీద పెట్టి ఉంచుకోండి. ఫ్లాస్కు పూర్తవగానే మంటలో మొత్తం ఒకసారి మెత్తటి వేడి చూపించి, వేడిగా ఉండగానే లోపల పెట్టండి. ఆఖరిది పెట్టాక అరగంట అదే వేడి. ఆ పైన నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 480 దాకా దించండి. అక్కడ స్విచ్ ఆపేసి, తలుపు తెరవకుండా పొద్దున దాకా వదిలేయండి. కరెంటు పోతుందేమోనని టెన్షన్ వద్దు. ఆ మందపు ఇటుక గోడలు వేడిని పట్టుకుని మెల్లగానే దించుతాయి.

ఫర్నేస్ లేనివాళ్ళు చిన్న అతుకులకి ఆక్సిజన్ తగ్గించుకుంటూ పెద్ద మెత్తటి మంటలో తిప్పండి. ఆఖర్న పసుపు మంటలో గాజు మీద మసి పట్టేదాకా. మసి పట్టిందంటే వేడి దిగిందని గుర్తు. పాత్రలకి మాత్రం అది చాలదు.

ఇంకొకటి. బ్యూరెట్ మూతులు అతికించేవారికి చెప్తున్నాను: కొలత గీతలున్న భాగానికి వేడి తగిలితే ఆ బ్యూరెట్ కొలత నమ్మకండి. అతికించాక 10 మి.లీ. నీళ్ళు వదిలి తూకం వేయండి. మన ఎండల్లో 30 డిగ్రీల నీళ్ళకి సుమారు 9.95 గ్రాములు రావాలి. రైతు ఆ అంకె చూసే చెరువులో సున్నం వేస్తాడు.

తణుకు_సిలిండర్ (ఉదయం 9:20)

ఆ ఆఖరి మాటకి దండం మాస్టారూ. మా బావగారికి ఆకివీడులో చెరువులున్నాయి.

తమ్ముడూ, అరెస్టర్లు పెట్టావా లేదా? జవాబు రాలేదు.

భీమవరం_బ్యూరెట్ (ఉదయం 9:45)

పెట్టానన్నయ్యా, నిన్నే. గోడకి కింద రెండు ఇటుకలు కూడా తీయించాను.

భీమవరం_బ్యూరెట్ (పదకొండు రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 7:50)

పది రోజులు తువ్వాలు కర్రలు తిప్పాను. మా అమ్మ పక్కన కూర్చుని, "ఇప్పుడు మెలిపడిందిరా, ఇప్పుడు బాగుంది" అని చెప్తూ ఉంది. దీపం సాధన కూడా చేశాను కొలిమి గారూ. మొదట్లో బుగ్గలు నొప్పెట్టాయి. ఇప్పుడు ఒక నిమిషం దాకా మంట ఆరకుండా వంగి ఉంటోంది.

15 మి.మీ. బోరో గొట్టం, ముందు గ్లిజరిన్‌లో ముంచి చూశాను. ఒక పక్క సన్నటి పిడి లాగాను, రెండో పక్క మూసి గుండ్రం చేశాను. తర్వాత వేడిచేస్తూ రెండు పక్కల నుంచి కొద్దిగా నెడుతూ గాజుని ఒకచోట పోగు చేశాను. ఇంతకుముందు ఈ పని ఎప్పుడూ చేయలేదు. బయటికి తీసి, ఆ క్షణం ఆగాను. మాస్టారూ, ఆగడమే అన్నిటికంటే కష్టంగా ఉంది, చెయ్యి ఆగినా ఊపిరి ఆగనంటుంది. ఆగి, బుగ్గతో వదిలాను. ఒక పక్కే ఉబ్బకుండా, నెమ్మదిగా అన్నివైపులా లేచింది. ఆ ఎర్రటి రంగు పోతూ పోతూ బుడగ గుండ్రంగా నిలబడిపోవడం చూస్తే గొంతు పట్టేసింది.

రాత్రి 565లో పెట్టి, పొద్దున ఆరింటికి తీశాను. ల్యాప్‌టాప్ ముందు, కూలింగ్ గ్లాసెస్‌లోంచి చూస్తే మొత్తం చీకటి. మెడ దగ్గర కూడా చీకటే. 10 మి.లీ. కంటే కొంచెం ఎక్కువే పట్టింది. వేడి నీళ్ళు పోశాను, ఏ చప్పుడూ లేదు.

ఇప్పుడు పక్కన ఒక చిన్న గొట్టం అతికించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు_మాస్టారు (ఉదయం 8:30)

చాలా సంతోషం బాబూ. పక్క గొట్టం అతకాలంటే ముందు ఫ్లాస్కుకి రంధ్రం చేయడం రావాలి. సన్నటి సూది మంటతో ఒక్క చుక్కంత చోటు వేడిచేసి, ఊది, వేరుశనగ గింజంత బుడగ లేపి, దాన్ని పగలగొట్టి అంచు సరిచేయాలి. రంధ్రం అంచు, గొట్టం అంచు ఒకే కొలతలో ఉంటేనే అతుకు నిలుస్తుంది. ఫ్లాస్కు మీద చేయకండి. మామూలు గొట్టం ముక్కల మీద ముందు ఇరవై రంధ్రాలు చేయండి.

వచ్చే ఆదివారం రాజమండ్రి వస్తే నా బల్ల మీద చూపిస్తాను. మీరు కూడా రండి సీసా అమ్మా, ఈ రంధ్రం మీ దీపాలకీ పనికొస్తుంది. 15 మి.మీ. గొట్టం జానెడు ముక్కలు పది, డిడిమియం అద్దాలు తెచ్చుకోండి. మంట నా దగ్గరుంది.

అమలాపురం_సీసా (ఉదయం 8:50)

తప్పకుండా వస్తాను మాస్టారూ. గ్లిజరిన్ సీసా నేను తెస్తాను.